మొదటి పురుడుకి పుట్టింటికి వెళ్ళాలని లేదు, నాదే తప్పా?

ఏకుల_బుట్ట
నాకిప్పుడు ఏడో నెల. ఉండేది వైజాగ్ మధురవాడలో, పుట్టిల్లు పొందూరు దగ్గర పల్లె. అమ్మ పది రోజుల నుంచి ఫోన్ మీద ఫోను. ఏడో నెల్లోనే తీసుకెళ్ళిపోవాలంట, ఎనిమిదిలో కదపకూడదంట, తొమ్మిదిలో అయితే బండి కుదుపులకి దారిలోనే అయిపోద్దంట. మా అత్తగారు కూడా "మొదటి కాన్పు పుట్టింట్లోనే కదమ్మా, మేం వద్దనం" అని బ్యాగు సర్దీసినంత పని చేస్తున్నారు. నాకే వెళ్ళాలని లేదు. మూడు నెలలు, ఆ ఇంట్లో, అమ్మా నేనూ అంటే గుండె దడగా ఉంటోంది. బీపీ చూస్తే నార్మలే.

కారణం పెద్దదే, ఓపికున్నవాళ్ళు చదవండి.

మా అమ్మ నూలు వడుకుతుంది. పొందూరు ఖద్దరు అంటే గాంధీగారు మెచ్చిన బట్ట అని అందరికీ తెలుసు, దాని వెనకాల ఆడవాళ్ళు నేల మీద కూర్చుని వాలుగ చేప దవడ ఎముకతో దూది దువ్వుతారని చాలామందికి తెలీదు. ఆ చేప పళ్ళు అంత సన్నంగా ఉంటాయి కాబట్టే ఆ దారం అంత సన్నం. దువ్విన దూదిని ఏకులు చుట్టి అరటి డొప్పలో పెట్టుకోవాలి, అప్పుడు రాట్నం. ఏకులు చుట్టే పని నాది, ఆరేళ్ళప్పటి నుంచి. బడికెళ్ళేముందు గంట, వచ్చాక గంట. దూది ఎగిరిపోద్దని ఎండాకాలం కూడా ఫ్యాన్ వెయ్యనిచ్చేది కాదు. నోటుబుక్కుతో విసురుకుంటే "ఆ గాలి ఇటు రానీకే" అని కసిరేది. ఆ ఇంట్లో దూదికున్న మర్యాద నాకు లేదని చిన్నప్పుడే తెలిసిపోయింది. తమ్ముడికి గుడ్డు, నాకు గుడ్డు పులుసులో ఉల్లిపాయ. జడ వేస్తే కళ్ళు పైకి లాక్కుపోయేవి. బాగుంది అనే మాట నా గురించి ఆవిడ నోటి వెంట నేను వినలేదు, పక్కింటామెకి చెప్తుంటే చాటుగా కూడా వినలేదు.

ఇదంతా ఎవరింట్లోనైనా ఉండేదే, నాకూ తెలుసు. అసలు సంగతి ఇది. 2011లో టెన్త్ పాసయ్యాను, 600కి 541, మా మండలంలో గవర్నమెంటు బడుల్లో నాదే ఎక్కువ. ట్రిపుల్ ఐటీలు 2008లో పెట్టారు కదా, మా లెక్కల మాస్టారు నూజివీడుకి నాచేత అప్లై చేయించారు. కొన్నాళ్ళకి అమ్మ "నీకు రాలేదంటే, మాస్టారు సెప్పినారు" అంది. నేను రెండ్రోజులు ఏడ్చి ఊరుకున్నాను. ఇంటర్, డిగ్రీ, తర్వాత ఎలాగో ఎంసీఏ చేసి ఉద్యోగం తెచ్చుకున్నాను. మూడేళ్ళ కింద నా పెళ్ళిలో అదే మాస్టారు అక్షింతలేసి, "లెటరొచ్చినా పంపలేదు కదమ్మా మీ అమ్మ, ఇంటికొచ్చి ఎంత బతిమాలానో" అన్నారు. పక్కన ఫొటోగ్రాఫర్ "మేడమ్ ఇటు చూడండి" అంటున్నాడు. ఆ ఫొటో ఆల్బమ్‌లో ఉంది, నా మొహం మీరే చూడాలి.

ఈ మూడేళ్ళలో అమ్మని అడగలేదు. అడిగితే ఏం చెప్తుందో అని కాదు, ఏమీ చెప్పదని. ఇప్పుడు ఆ మనిషి చేత స్నానం పోయించుకుని, ఆ మనిషి పెట్టిన పథ్యం తిని, నా బిడ్డని ఆ కాళ్ళ మీద పడుకోబెట్టాలా?

సిక్కోలు_సత్తిబాబు
అమ్మ అంటే అమ్మే చెల్లమ్మా. కోపంలో రాశావు గానీ పురిటి నొప్పులొచ్చినప్పుడు నోట్లోంచి వచ్చే మాట అమ్మా అనే కదా. పాతవి తవ్వుకుంటే ఏటొస్తాది. వెళ్ళిపో, రెండ్రోజుల్లో అన్నీ సర్దుకుంటాయి.

రాజాం_రాణి
సత్తిబాబు గారూ ఈ పురుడు మీరు పోసుకుంటారా? లేదు కదా. అయితే కాసేపు ఆగండి.

ఏకుల బుట్టా, నీ తప్పు కాదు. నా మొదటి కాన్పుకి పుట్టింటికెళ్ళాను, అందరూ వెళ్తారు కాబట్టి. మా అమ్మ మంచిదే, ప్రేమ కూడా ఉంది, కానీ నలభై రోజులు "నేను నిన్ను కన్నప్పుడు" తోనే మొదలు ప్రతి మాటా. పాలు పడట్లేదని నేను ఏడుస్తుంటే "మేం పొలంలో కని మర్నాడు కోతకెళ్ళాం" అంటుంది. బాలింత మనసు అద్దం లాంటిది, ఊదితే మసక. రెండో కాన్పుకి వెళ్ళలేదు, మా ఆయన సెలవు పెట్టి వండిపెట్టాడు. ఉప్పు ఉండేది కాదు. ప్రశాంతంగా ఉండేది.

గంటస్తంభం_గోపి
ఉప్పు లేకపోవడమే అసలైన పథ్యం :)

పలాస_పప్పు
నాది వేరే కథ గానీ ఇక్కడే చెప్పాలనిపిస్తోంది. మా అమ్మ జీడి ఫ్యాక్టరీలో గింజ కొట్టేది. జీడి రసం తగిలి చేతులు నల్లగా, వేళ్ళు పొట్టులేచి ఉండేవి. ఎంత నూనె రాసుకున్నా, బూడిద పూసుకున్నా పోదు ఆ నలుపు. ఏడో క్లాసులో పేరెంట్స్ మీటింగుకొచ్చి సంతకం పెట్టమంటే, పెన్ను పట్టుకున్న ఆ చేయి చూసి నా పక్క పిల్ల "మీ అమ్మకి ఏమైనా జబ్బా" అంది. తర్వాత మీటింగు ఉందని ఇంట్లో చెప్పడమే మానేశాను. టెన్త్ అయ్యేదాకా చెప్పలేదు.

ఆవిడకి తెలుసని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. 2018లో తిత్లీ తుఫాను వచ్చిన వారానికి ఇంటికెళ్ళాను, ఉద్దానం అంతా కొబ్బరి చెట్లు పడుకునున్నాయి, మాకున్న ఎకరం జీడితోట వేర్లతో సహా లేచిపోయింది. అమ్మ చెట్టు చెట్టునీ పట్టుకుని ఏడుస్తోంది. నేను హాస్టల్‌కి వెళ్ళిపోయిన రోజు కూడా ఏడవని మనిషి. నాకు ఒళ్ళు మండి "నాకోసం ఎప్పుడైనా ఇలా ఏడ్చావా" అన్నాను, ఆ టైములో అనాల్సిన మాటేనా అది. కళ్ళు తుడుచుకుని "నీకు నా చేతులు చూస్తే సిగ్గు గదే, ఈటికి లేదు" అంది.

అంతే. ఇప్పటికీ దానికి జవాబు దొరకలేదు నాకు.

రాజాం_రాణి
అయ్యో.

ఇంటర్_బాధితురాలు
నాకు 17. మా అమ్మ టీచర్. నా ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి పెట్టింది, వాట్సాప్ కూడా చదువుతుంది. నిన్న ట్యూషన్ నుంచి కోట దగ్గర పునుగులు తినడానికి ఆగితే పదకొండు నిమిషాలకి ఫోన్. మీ అమ్మలు చదివించలేదని మీరు బాధపడుతున్నారు, మా అమ్మ చదువు తప్ప ఇంకోటి మాట్లాడదు. ఏ అమ్మ బెటరో నాకైతే అర్థం కావట్లేదు.

గంటస్తంభం_గోపి
పదకొండు నిమిషాలు ఇచ్చిందంటే మంచిదే, పునుగులు ఒక వాయి దిగడానికి అంతే పడుతుంది.

నన్ను చిన్నప్పుడు పైడితల్లమ్మ సిరిమాను నాడు జనంలో పోగొట్టుకుంది మా అమ్మ. దసరా తర్వాత మంగళవారం, ఊరంతా రోడ్డు మీదే, ఐదేళ్ళోడిని. రెండు గంటలకి పోలీసు మైకులో పేరు పిలిచారు. వచ్చీ రాగానే ముందు చెంప పగలగొట్టింది. తర్వాత ముద్దు పెట్టింది అని రాద్దామనుకున్నాను గానీ పెట్టలేదు. జీళ్ళు కొనిచ్చింది. తింటుంటే మళ్ళీ కొట్టింది.

ఏఎన్ఎమ్_అప్ప
నేను ఇరవై ఏళ్ళ నుంచి పల్లెల్లో పురుళ్ళు చూస్తున్నాను కాబట్టి మనసు సంగతి మీరు చూసుకోండి, నేను మిగతాది చెప్తాను.

ఏడు, తొమ్మిది, బేసి నెల, ఇవన్నీ మంచిరోజు లెక్కలు. ఎనిమిదో నెల పనికిరాదు అన్నది వైద్యం కాదు. నీకు బీపీ, షుగరు, రక్తం ఎలా ఉన్నాయో, ఇప్పటిదాకా చూసిన డాక్టరు ఏమంటుందో అది ముఖ్యం. చివరి నెలల్లో డాక్టరు మారడం నాకు నచ్చదు. మారితే ఫైలు మొత్తం, స్కానింగులు పట్టుకెళ్ళాలి. పొందూరు నుంచి శ్రీకాకుళం పెద్దాసుపత్రి మరీ దూరమేం కాదు, గవర్నమెంటు ఆసుపత్రుల్లో ప్రతి నెలా 9వ తారీఖున గర్భిణులకి ప్రత్యేకంగా చూస్తారు, ఫ్రీ. రాత్రి పన్నెండుకి నొప్పులొస్తే బండి ఎవరు తెస్తారో ఆ పేరు మాత్రం ముందే రాసిపెట్టుకో.

ఎక్కడ కన్నా సరే: పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి, పిండి పారబొయ్యనివ్వకు, ఆ పసుపుపచ్చ పాలే బిడ్డకి మొదటి టీకా లాంటివి. ఆర్నెల్లు తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు వద్దు. తేనె నాకించడం ఏడాదిదాకా వద్దే వద్దు. నీళ్ళు పోసేటప్పుడు ముక్కులో చెవిలో నూనె వెయ్యనివ్వకు. బాలింతకి నీళ్ళు తాగనివ్వరు చూశావూ, అది శుద్ధ తప్పు, దాహం వేసినప్పుడల్లా తాగు. బాలింతలకి పెట్టే కాయం మందు తిను, బాగుంటుంది, కారంగా.

రాజాం_రాణి
అప్పా, "ముర్రుపాలు పారబొయ్యనివ్వకు" అని అమ్మకి చెప్పాలంటే ముందు అమ్మతో మాట్లాడాలి కదా, అక్కడే పేచీ.

బొబ్బిలి_కోడలు
పాత ఉత్తరం ఒక్కటే కాదమ్మా, పాత దస్తావేజులు కూడా ఉంటాయి తల్లుల పెట్టెల్లో. మా అమ్మ తన పేరు మీదున్న ఇల్లు తమ్ముడికి గిఫ్టు డీడు రాసిచ్చింది. నాకు చెప్పలేదు, రిజిస్ట్రేషన్ అయ్యాక స్వీటు పంపింది. అడిగితే "నాకు మాత్రం మా పుట్టింటోళ్ళు ఇచ్చారా" అంది. ఆవిడ పెళ్ళి 1984. ఎన్టీఆర్ ఆడపిల్లకి ఆస్తి హక్కు చట్టం తెచ్చాడు గానీ అది 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్ళి కాని వాళ్ళకే. ఏడాది తేడాలో పోయింది, జీవితాంతం అదే చెప్పుకునేది. నాకు జరిగింది నా కూతురికి జరక్కూడదు అనుకుంటారని కథల్లో రాస్తారు. మా ఇంట్లో నాకు జరిగింది కాబట్టి నీకూ జరగాలి.

లా_చదివిన_శీను
చిన్న క్లారిటీ. ఆ పెళ్ళి షరతు 2005 కేంద్ర సవరణతో పోయింది, పెళ్ళైన కూతురికీ పుట్టుకతో హక్కే, 2020లో సుప్రీంకోర్టు తండ్రి అప్పటికి బతికున్నా లేకపోయినా వర్తిస్తుందని కూడా చెప్పింది. కానీ 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టర్ పంపకాలు అయిపోయుంటే తిరగదోడలేరు. ఇదంతా ఉమ్మడి ఆస్తికి. మీ అమ్మగారి సొంత ఇల్లు ఆవిడ ఇష్టం, ఎవరికైనా రాసుకోవచ్చు. వీలునామా లేకుండా పోతే మాత్రం కొడుకులకీ కూతుళ్ళకీ భర్తకీ సమానం.

సిక్కోలు_సత్తిబాబు
టాపిక్ పురుడు గురించి సామీ, ఆస్తుల గురించి కాదు.

బొబ్బిలి_కోడలు
రెండూ పుట్టింట్లోనే ఉంటాయి కదా సత్తిబాబు గారూ, ఒకటి తీసుకోమంటారు, ఒకటి అడగొద్దంటారు.

తరవాణి
నాకు 58. చీపురుపల్లి. ఇక్కడ రాసేవాళ్ళందరూ కూతుళ్ళే, ఉత్తరం దాచిన తల్లి వైపు ఎవరూ లేరు. నేనున్నాను.

మా అమ్మాయికి 2004లో వైజాగ్‌లో నర్సింగ్ సీటు వచ్చింది. పంపలేదు. ఊళ్ళో అందరికీ డబ్బుల్లేవని చెప్పాను. అది నిజం, మా ఆయనకి ఫ్యాక్టరీలో పని పోయి అప్పటికి ఏడాది. బంధువులకి భయం అని చెప్పాను, ఆడపిల్ల ఒక్కతీ హాస్టల్లో అని. అదీ నిజమే. కానీ ఈ రెండూ లేకపోయినా పంపేదాన్ని కాదేమో అని ఇప్పుడనిపిస్తోంది.

నన్ను ఏడో తరగతిలో మాన్పించారు, చెల్లెల్ని ఎత్తుకోడానికి. మా క్లాసులో నాకంటే తక్కువొచ్చిన పిల్ల తర్వాత టీచరయ్యింది, చీర కట్టుకుని గొడుగేసుకుని మా గుమ్మం ముందు నుంచే బడికెళ్ళేది, నేను పేడ కలుపుతుంటే పలకరించేది కూడా. మా అమ్మాయి సీటు కాయితం పట్టుకుని లోపలికొచ్చినప్పుడు దాని మొహం వెలిగిపోతోంది. నాకు సంతోషం వెయ్యలేదు. ఆ గొడుగు గుర్తొచ్చింది. కడుపులో ఏదో కాలినట్టయ్యింది. నా కడుపున పుట్టినదాని మీద ఉక్రోషం ఏంటి అంటారు, నాకూ తెలీదు, ఉన్నమాట రాస్తున్నాను. ఆ మంటలోనే "వద్దు" అనీశాను. అన్నాక డబ్బులు, భయం, అన్నీ వచ్చి ఆ వద్దుకి కాపలా కూర్చున్నాయి.

ఇప్పుడు దానికి ఇద్దరు పిల్లలు. ప్రతి ఆదివారం పది నిమిషాలు ఫోన్ చేస్తుంది, తిన్నావా, మందులేసుకున్నావా. మనవరాలిని పండక్కి తీసుకొస్తుంది, రాత్రి ఉంచదు. ఎందుకని నేను అడగను, అది చెప్పదు.

ఏకుల బుట్టా, మీ అమ్మ కూడా ఇలాగే అని నేనట్లేదు. నువ్వు అడిగితే చెప్తుందనీ అట్లేదు. నన్ను మా అమ్మాయి అడిగుంటే మాత్రం నేను డబ్బుల్లేవనే చెప్పేదాన్ని.

పలాస_పప్పు
రెండుసార్లు చదివాను. ఏం రాయాలో తెలీలేదు. పెద్దమ్మా, ఇది మీ అమ్మాయికి చెప్పారా?

తరవాణి
లేదమ్మా. ఇక్కడ చెప్పడం తేలిక, పేరు లేదు కదా.

ఇంటర్_బాధితురాలు
మా అమ్మ టీచరే. గొడుగు కూడా ఉంది. ఇప్పుడు దాన్ని చూస్తే ఎలాగో ఉంది. తనకి కూడా ఏదైనా పోయిందా అని ఇవాళ అడుగుదామనుకున్నాను, అంతలో కెమిస్ట్రీ మార్కులు అడిగింది.

బొబ్బిలి_కోడలు
నాకు మాత్రం కోపమే వచ్చింది, క్షమించండి తరవాణి గారూ. ఇలా ఒప్పుకుంటే మేం జాలి పడాలి, జాలి పడ్డాక మా కోపం ఎక్కడ పెట్టుకోవాలి? ఆ అమ్మాయి నర్సు అవ్వలేదు, అది అలాగే ఉంది కదా.

తరవాణి
అలాగే ఉంది. జాలి అడగలేదు తల్లీ.

ఏఎన్ఎమ్_అప్ప
కోపం ఉంచుకో కోడలమ్మా, ఎవరొద్దన్నారు. ఏకుల బుట్ట మాత్రం కాస్త తగ్గించుకోవాలి, నిద్ర పట్టట్లేదని రాయలేదు గానీ ఈ పోస్టు టైము చూస్తే రాత్రి 2.40.

సిక్కోలు_సత్తిబాబు
మొన్న రాసింది వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకంటే మొన్న రాత్రి మా అప్పకి ఫోన్ చేశాను, "చిన్నప్పుడు మనింట్లో గుడ్డు ఎవరికి పెట్టేవారు" అని నవ్వుతూ అడిగాను. తను నవ్వలేదు. నాకైతే అసలు గుర్తే లేదు, అందరికీ పెట్టేవారనుకున్నాను. తనకి ఏ రోజు ఏ గిన్నెలో అన్నదాకా గుర్తుంది. గుడ్డు తిన్న తమ్ముణ్ణి నేను. తిన్నవాడికి గుర్తుండదు కాబోలు.

రాజాం_రాణి
ఓలమ్మో, సత్తిబాబు గారు మారిపోయారు, వర్షం పడుతుంది.

గంటస్తంభం_గోపి
అప్పకి ఒక డజను గుడ్లు పంపండి బాబూ, వడ్డీతో సహా అయితే ట్రే.

ఏకుల_బుట్ట
అందరివీ చదువుతూనే ఉన్నాను, జవాబు రాయలేకపోయాను. తరవాణి గారి పోస్టు చదివాక రెండ్రోజులు ఒకటే ఆలోచన. మా అమ్మకి కూడా ఏదో గొడుగు ఉండే ఉంటుంది, అడిగితే బయటికొస్తుంది, ఇద్దరం ఏడుస్తాం, అయిపోద్ది అని సినిమా వేసేసుకున్నాను. ఆదివారం వెళ్తున్నాం, నేనూ ఆయనా, పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేసేలా. బ్యాగు తీసుకెళ్ళట్లేదు.

ఏఎన్ఎమ్_అప్ప
ఫైలు మాత్రం తీసుకెళ్ళు.

ఏకుల_బుట్ట
వెళ్ళొచ్చాం. పెద్దగా రాస్తాను, క్షమించాలి.

మేం వెళ్ళేసరికి అమ్మ రాట్నం ముందే ఉంది. నన్ను చూసి లేవలేదు, "కూకో, ఈ ఏకు అయిపోనీ" అంది. కడుపు చూసి "ఏటే ఇంతే ఉన్నాది" అంది. ఆయన్ని మాత్రం లేచి కుర్చీ వేసి కూర్చోబెట్టింది. నాటుకోడి కూర వండింది. నాకు ముందే గుడ్డు వేసింది పళ్ళెంలో, రెండు. ఈ థ్రెడ్ ఆవిడ చదవలేదని నాకు తెలుసు, అయినా ఒక్క నిమిషం అనుమానం వచ్చింది.

భోజనాలయ్యాక ఆయన తమ్ముడితో ఊళ్ళోకి వెళ్ళారు. అమ్మ మళ్ళీ రాట్నం దగ్గర కూర్చుంది. అడిగీశాను. "నూజివీడు లెటరొచ్చిందంట కదా అప్పుడు."

"వొచ్చింది."

"మరి రాలేదన్నావ్?"

"పంపకూడదనుకున్నాను, రాలేదన్నాను."

"ఎందుకు?"

"నువ్వెల్లిపోతే ఏకులెవులు సుడతారు."

రాట్నం ఆగలేదు. నేను డబ్బుల్లేవు అనే మాటకి రెడీగా ఉన్నాను, భయం అనే మాటకీ రెడీగా ఉన్నాను, గొడుగుకి కూడా. ఏకులకి రెడీగా లేను. ముందు ఒళ్ళంతా వేడెక్కిపోయింది, తర్వాత ఎందుకో నవ్వొచ్చింది, లోపల బిడ్డ కూడా గట్టిగా తన్నింది. "అంతేనా?" అన్నాను. "మరేటి? మీ అయ్య మద్రాసులో తాపీ పని, డబ్బులు పంపితే పంపినట్టు నేకపోతే నేదు. నా ఒక్కదాని సేతుల మీద ఎన్ని సిలపలు (నూలు చుట్టలు) తెగుతాయే? నువ్వు సుడితేనే రోజుకి అన్ని అయ్యేయి. నువ్వు సుట్టిన ఏకు తెగదు" అంది.

నువ్వు చుట్టిన ఏకు తెగదు. పద్నాలుగేళ్ళకి ఇదీ నాకొచ్చిన మెచ్చుకోలు, అదీ నా సీటు పోవడానికి కారణంగా. దీన్ని సంతోషంగా తీసుకోవాలో ఏం చెయ్యాలో ఇప్పటికీ తెలీట్లేదు. క్షమించమని అడగలేదు ఆవిడ. నేనూ క్షమించాను అనలేదు. అది నిజమో కాదో కూడా చెప్పలేను, మా అమ్మ అబద్ధం చెప్పినప్పుడూ రాట్నం ఆగదు, నిజం చెప్పినప్పుడూ ఆగదు.

ఊరికే కూర్చోలేక అరటి డొప్ప దగ్గరకి జరిగి రెండు ఏకులు చుట్టాను. చెయ్యి మర్చిపోలేదు. అమ్మ ఒకటి తీసుకుని వడికి చూసింది, ఏమీ అనలేదు.

పురుడు వైజాగ్‌లోనే అని చెప్పీశాను. డాక్టర్ని మార్చను అన్నాను. గొడవ చేస్తుందనుకున్నాను. "మరి నీళ్ళెవులు పోస్తారు గుంటకి?" అంది, గుంట అంటే మా వైపు పిల్ల. నువ్వే రా అన్నాను, నోరు జారిందో కావాలనే అన్నానో తెలీదు. కాసేపు ఆలోచించింది. "నలపై రోజులు రాట్నం ఇడిసీసి ఉండనేను" అంది. రాట్నం తెచ్చుకుంటుందంట. ప్యాసింజర్ బండిలో. తర్వాత చాలా సీరియస్‌గా అడిగింది, "మీ ఇంట్లో ఫేను ఆపుతావా?"

రాజాం_రాణి
అమ్మనీ. ఫ్యాన్ దగ్గరకొచ్చి ఆగిందా.

పలాస_పప్పు
నువ్వేమన్నావ్?

ఏకుల_బుట్ట
నా గదిలో ఆపను అన్నాను. హాల్లో ఆపుతాను, పగలు మాత్రం. సరే అంది. ఆయనకి ఇంకా చెప్పలేదు, మే నెల హాలు సంగతి.

బొబ్బిలి_కోడలు
నేనైతే పిలిచేదాన్ని కాదు, నిజం చెప్తున్నాను. కానీ ముందే షరతు పెట్టావు చూడు, అది బాగుంది. మా అమ్మతో నాకు షరతు పెట్టడం చేతకాలేదు, ఏకంగా మాటలు మానేశాను.

తరవాణి
మీ అమ్మ నాకంటే నయం. అడగ్గానే చెప్పింది.

ఏకుల_బుట్ట
అదే నాకు అర్థం కావట్లేదు పెద్దమ్మా, అడగ్గానే చెప్పేదాన్ని నేను మూడేళ్ళు ఎందుకు అడగలేదో.

ఏఎన్ఎమ్_అప్ప
దూది దువ్వే గదిలో పసిబిడ్డని పడుకోబెట్టకండి, నూగు ముక్కులోకి పోతుంది. తలుపు వేసి ఉంచండి. ముర్రుపాల సంగతి మీ అమ్మగారికి చెప్పావా?

ఏకుల_బుట్ట
చెప్పాను. "నిన్ను కన్నప్పుడు పారబోసినాం, అందుకే ఇలాగున్నావు" అంది.

సిక్కోలు_సత్తిబాబు
హహహ. వైజాగ్‌లో నలుగుపిండి మంచిది ఎక్కడ దొరుకుద్దో చెప్పనా, పూర్ణా మార్కెట్ వైపు చూడండి. రాట్నం తెచ్చే రోజు స్టేషన్‌కి మనిషి కావాలంటే మా తోడల్లుడు అక్కడే ఉంటాడు.

గంటస్తంభం_గోపి
ఏసీ గాలికి దూది ఎగురుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి, వాళ్ళాయన కోసం అడుగుతున్నాను.